దీర్ఘాల మీద మమకారం

"ఇక్కడ దీర్ఘం తీసేస్తే నాకు పాడడం కష్టమండీ, మార్చకండి" అంది ఈ రోజు ట్రాక్ (అసలు గాయకులకంటే ముందు నమూనాగా పాడే పాట) పాడడానికి వచ్చిన అమ్మాయి. సంగీత దర్శకుడేమో 'మనసు' అని పెట్టమంటారు. నేను రాసింది 'మనసా'. స్వరం అక్కడ నిలబడుతుంది మరి! ఉకారాన్ని అంతసేపు లాగితే వినబుద్ధి కాదు. మొత్తానికి మా ఇద్దరి మాటే నెగ్గింది.

ఈ పట్టుదల నాకు 'గీతాంజలి' క్యాసెట్ నుంచి అంటుకుంది. 1989 నాటి సినిమా. ఇళయరాజా బాణీలు, వేటూరి పాటలు.

'ఆమనీ పాడవే హాయిగా' అని ఒకసారి నెమ్మదిగా అనుకుని చూడండి. మూడు మాటలూ దీర్ఘంతోనే ముగుస్తాయి: ఈ, ఏ, ఆ. బాలు గొంతు ఎక్కడ ఆగాలో అక్కడ సాహిత్యం చోటు వదిలింది. అర్థం తెలియని వయసులోనే ఆ పాటలోని దిగులు నన్ను పట్టుకోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

అలాగని అన్నిచోట్లా దీర్ఘాలు పనికిరావు. అదే క్యాసెట్‌లో 'జగడ జగడ జగడం' ఉంది. ఈ మూడు మాటల్లో అన్నీ హ్రస్వాలే, పరుగే పరుగు. హుషారు పాట రాయమంటే ముందు అది పెట్టుకుని వింటాను.

వేటూరి పదాలను మాత్రం నా పాటల్లోకి రానివ్వను. నా చేతిలో అవి అరువు తెచ్చుకున్న పట్టుపంచెలా ఉంటాయి. ఆమని, కోయిల, వెన్నెల ఎక్కడ కనిపించినా కొట్టేస్తాను.

గడువు ముంచుకొచ్చిన రోజున వెన్నెలకు కాస్త మినహాయింపు.