కదలనివ్వని చోటే పగులుతుంది: గ్రిల్ రిపేర్ల గురించి

వంట చేసే గ్రిల్లు వెల్డింగుకి పట్టుకొచ్చేవాళ్లలో చాలామంది మాట ఒకటే: "అన్నా, ఇక్కడ ఊడింది, ఒక టాకా కొట్టెయ్, చాలు." టాకా, అంటే ఒక చుక్క వెల్డు, కొట్టడం నిమిషం పని. కానీ ముందు నేను వెల్డింగు హోల్డర్ జోలికి పోను. గ్రిల్లుని బోర్లించి, ఊడిన చోటు చుట్టూ ఏమేం బిగిసిపోయి ఉన్నాయో చూస్తాను.

వేడికి లోహం సాగుతుందని అందరికీ తెలుసు. ఎంత సాగుతుందో లెక్క వేసేవాళ్లే తక్కువ. 600 మిల్లీమీటర్ల 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ ఇంకో 400 డిగ్రీలు వేడెక్కితే 4 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. అదే ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) చువ్వయితే దాదాపు 3. చువ్వ సరిగ్గా నిప్పుల మీద ఉంటుంది, ఫ్రేము పక్కన ఉంటుంది కాబట్టి అంతగా కాలదు. చువ్వని రెండు చివరలా ఫ్రేముకి వెల్డ్ చేసేస్తే ఆ పెరిగిన 4 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? మధ్యలో పైకి లేస్తుంది, లేదా వెల్డు అంచున చీలుతుంది. చల్లారేటప్పుడు మళ్లీ వెనక్కి లాగుతుంది. వెలిగించిన ప్రతిసారీ ఇదే తంతు.

అందుకే ఊడిన చువ్వని ఉన్నదున్నట్టు అతికించడం నాకు ఇష్టం ఉండదు. ఒక చివరే వెల్డ్ చేస్తాను. రెండో చివర ఫ్రేములో కాస్త పొడవాటి గాడి తీసి అందులో వదులుగా కూర్చోబెడతాను, చువ్వ ముందుకీ వెనక్కీ జరిగేలా. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు దాన్ని కదిపి చూసి "ఇటువైపు మర్చిపోయినట్టున్నావే" అంటారు. విషయం చెప్పినా కొందరి మొహంలో అనుమానం పోదు. పోనీలెండి, మంట పెట్టాక వాళ్లకే తెలుస్తుంది.

ఇదివరకే ఎవరో బాగుచేసిన గ్రిల్లు వస్తే నా పని రెట్టింపు. పగులు మీద మందపాటి ప్లేటు వేసి, నాలుగు వైపులా బీడు (వెల్డు గీత) మీద బీడు లాగి ఉంటారు. అతుకు మాత్రం చెక్కుచెదరదు, దాని పక్కన పలచటి షీటు కొత్తగా చీలి ఉంటుంది. మందంగా ఉన్నది ఆలస్యంగా వేడెక్కుతుంది, పలచనిది ముందే సాగుతుంది. ఆ రెండింటి మధ్య తగువు పలచనిదాని మీదే పడుతుంది. అలాంటప్పుడు ఆ ప్లేటంతా కోసేసి, అసలు షీటు ఎంత మందమో అంతే మందం ముక్క వేస్తాను. పగులు మొత్తం పోకపోతే, దాని చివర చిన్న రంధ్రం వేసి అక్కడ ఆపుతాను. ఆ రంధ్రం లేకుండా వెల్డ్ చేస్తే పగులు ఆ వేడికే ఇంకాస్త ముందుకు పాకుతుంది.

ఏ లోహమో తేల్చుకోవడానికి జేబులో అయస్కాంతం ఉంటుంది. మెరుస్తూ అయస్కాంతానికి అంటకపోతే చాలావరకు 304 రకం. మెరుస్తూ అంటుకుంటే సాధారణంగా 430 రకం, అందులో నికెల్ దాదాపు ఉండదు, తుప్పు త్వరగా పడుతుంది. 304కి 308ఎల్ రాడ్డు (అతుకులో కరిగించి నింపే కడ్డీ), స్టెయిన్‌లెస్‌ని ఎం.ఎస్.తో కలపాలంటే 309ఎల్. ఆ 'ఎల్' ఉంటే కార్బన్ 0.03 శాతం దాటదని అర్థం. కార్బన్ ఎక్కువున్న చోట వెల్డింగు వేడికి, ముఖ్యంగా 450 నుంచి 850 డిగ్రీల మధ్య, అది తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియంని లాగేసుకుంటుంది. క్రోమియం తగ్గిన ఆ సన్నటి గీత వెంట తుప్పు మొదలవుతుంది.

పలచటి షీటుకి నేను ఆర్గాన్ వెల్డింగే (వెల్డుకి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదిలే పద్ధతి) వాడతాను. మిల్లీమీటరు మందానికి 40 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి తగ్గిస్తాను. వెనకవైపు కూడా ఆర్గాన్ అందాలి. అందకపోతే అక్కడ మాడిన పంచదారలా నల్లటి గరుకు పొర కడుతుంది. వంట తగిలే చోట ఆ గరుకులో జిడ్డు దూరితే మళ్లీ రాదు. అందుకే లోపలి వెల్డుని నున్నగా గ్రైండ్ చేయకుండా ఇవ్వను. స్టెయిన్‌లెస్‌కి వేరే బ్రష్షు, వేరే డిస్కు ఉంటాయి. ఎం.ఎస్. మీద వాడిన బ్రష్షుతో రుద్దితే ఇనుప రజను అంటుకుని, కొత్త వెల్డు మీదే తుప్పు చుక్కలు తేలతాయి.

నిజానికి వెల్డింగు కన్నా శుభ్రం చేయడానికే ఎక్కువ సేపు పడుతుంది. మాడిన జిడ్డు మీద ఆర్క్ (వెల్డింగు మెరుపు) పడితే బీడంతా చిల్లులే. వేడినీళ్లు, సబ్బు, తర్వాత ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రెక్కలున్న గ్రైండరు చక్రం). బ్రేక్ క్లీనర్ లాంటివి మాత్రం దగ్గరికి రానివ్వను. క్లోరిన్ ఉన్న ద్రావకాల ఆవిరి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ పుడుతుంది. అది ప్రాణాలు తీసే విషవాయువు.

కొన్ని పనులకి మొహమాటం లేకుండా కుదరదంటాను. ఎవరో జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) పైపుతోనో షీటుతోనో చేసిన పొయ్యి తెచ్చి అతకమంటారు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, 907కి మరుగుతుంది. ఆర్క్ తగిలితే తెల్లటి పొగ లేస్తుంది, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరమే. పూత గ్రైండ్ చేసి వెల్డ్ చేయొచ్చు నిజమే, కానీ మిగతా పూత నిప్పుల పక్కనే ఉంటుంది కదా, అందుకే వద్దంటాను. సిలిండరు, వాల్వు, రెగ్యులేటరు కూడా అంతే: మార్చుకోవాలి తప్ప అతికించేవి కావు. గ్యాస్ గ్రిల్లయితే సిలిండరు ఇంట్లోనే వదిలి రమ్మని ఫోన్‌లోనే చెప్తాను.

పోత ఇనుప జాలీ విరిగితే ఎక్కువసార్లు కొత్తది కొనుక్కోమనే సలహా. నికెల్ రాడ్డుతో, ముందుగా వేడిచేసి, అంగుళానికి మించకుండా చిన్న బీడులు వేస్తూ, ప్రతి బీడునీ సుత్తితో మెల్లగా తడుతూ, పొడి ఇసుకలో పూడ్చి చల్లారనిస్తే నిలబడొచ్చు. కానీ ఏళ్ల తరబడి నూనె పీల్చిన ఇనుము అది, రోజూ నిప్పుల మీద ఉండేది, గ్యారంటీ ఇవ్వలేను. మూతకో కాలికో అయితే సంతోషంగా చేస్తాను.

పని పూర్తయ్యాక ఎం.ఎస్. చువ్వలకి లోపల రంగు వేయమంటే వేయను. నూనె పట్టించి కాల్చుకుంటే చాలు. మొదటిసారి వెలిగించినప్పుడు వంట పెట్టకుండా అరగంట ఖాళీగా మండనివ్వండి. గ్యాస్ కనెక్షన్లు విప్పి బిగించి ఉంటే, వెలిగించే ముందు ప్రతి జాయింటుకీ సబ్బునురగ పూసి చూడండి. ఇక బొగ్గుల గ్రిల్లయితే బూడిద పూర్తిగా చల్లారగానే తీసేయండి. తడి తగిలిన బూడిద అడుగున పేరుకుంటే షీటుని తినేస్తుంది, నా దగ్గరికి అడుగు ఊడి వచ్చేవాటిలో ఎక్కువ అవే.