ముక్తినాథ్‌లో వదిన దాచిన తలనొప్పి

"ఏం లేదే, పైత్యం చేసింది" అంది వదిన, అంటే మా ఆయన అక్క. నేపాల్‌లో ముక్తినాథ్ గుడి కింద రాణీపౌవా ఊళ్ళో, రాత్రి ఎనిమిదింటికి, లాడ్జి గదిలో రెండు రజాయిలు కప్పుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతోందనీ, మూడుసార్లు వాంతి అయిందనీ మాకు చెప్పలేదు. చెబితే దర్శనం వద్దంటామని భయం. వైష్ణవులకు పవిత్రమైన నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ఈ సాలగ్రామ క్షేత్రం చూడాలని ఆవిడ ఇరవై ఏళ్ళుగా అనుకుంటోంది.

మేము కాకినాడ వాళ్ళం, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళం. ఆ రోజు పొద్దున పోఖరాలో 800 మీటర్ల ఎత్తున టీ తాగాం. ఇరవై నిమిషాల విమానంలో 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో దిగి, అక్కడినుంచి జీపెక్కి, మధ్యాహ్న భోజనం వేళకు 3,700 మీటర్ల దగ్గరున్నాం. అసలు తప్పంతా ఇక్కడే ఉంది. గాలిలో ఆక్సిజన్ పాలు పైన కూడా అంతే, కానీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. అంత ఎత్తులో ఒక్కో ఊపిరికి మన ఊళ్ళో అందేదాంట్లో మూడింట రెండు వంతులే అందుతుంది. దానికి ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు కావాలి. మేము పూట కూడా ఇవ్వలేదు. అలా అలవాటు పడకముందే వచ్చే తలనొప్పి, వాంతులనే ఎత్తు జబ్బు (ఆల్టిట్యూడ్ సిక్‌నెస్) అంటారు.

యాత్రకు తీసుకెళ్ళినవాళ్ళు మాత్రం "కర్పూరం వాసన చూస్తూ ఉండండి, ఏమీ కాదు" అన్నారు. అందరం చేతిరుమాళ్ళలో కర్పూరం మూట కట్టుకున్నాం. ఆ వాసనకు ముక్కు తేలికపడినట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలోకి చేరే ఆక్సిజన్ పెరగదు. పైగా దారిలో బాత్‌రూమ్‌ల ఇబ్బందికి భయపడి వదిన పొద్దుటినుంచీ గ్లాసుడు నీళ్ళు కూడా తాగలేదు. యాత్రల్లో మన ఆడవాళ్ళు చాలామంది చేసే పనే ఇది. తలనొప్పి నాకూ ఉంది. నేనూ ప్రయాణం బడలిక అనే అనుకున్నాను.

లాడ్జి నడిపే దీదీ వేడినీళ్ళు ఇవ్వడానికి వచ్చి వదిన మొహం చూసింది. అన్నం తిన్నదా, వాంతులున్నాయా అని హిందీలో అడిగింది. తర్వాత చేయి పట్టుకుని లేపి, వసారాలో గీత మీద నడిచినట్టు వెనక కాలి వేళ్ళకు ముందు కాలి మడమ ఆనిస్తూ నడవమంది. వదిన నెమ్మదిగానే అయినా తూలకుండా నడిచింది. తూలితే మెదడులో వాపు మొదలైనట్టట. కూర్చున్నా ఆయాసం, దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఆ రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. "ఇంకా అంతదాకా రాలేదు, కానీ ఇక్కడ పడుకోవద్దు. ఇప్పుడే కిందికి దించేయండి, తెల్లారేదాకా ఆగకండి" అంది.

"స్వామి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతానా?" అని వదిన ఏడ్చేసింది. మా ఆయన అక్క పక్కన కూర్చుని, "స్వామి ఎక్కడికీ పోడక్కా. నువ్వు బాగుంటే మళ్ళీ నేనే తీసుకొస్తా" అన్నారు. దీదీ మాట్లాడిపెట్టిన జీపులో కాగ్‌బేని దిగాం. అది 2,800 మీటర్లు. తెల్లవారేసరికి వదినకు వాంతులు ఆగాయి, తలనొప్పి సగం తగ్గింది. ఆ రోజంతా ఎక్కడికీ కదల్లేదు. కాళీగండకి ఒడ్డున మా ఆయన వాళ్ళ నాన్నగారికి పిండప్రదానం చేశారు. వదిన ఎండలో కూర్చుని, అడక్కుండానే నీళ్ళు తాగుతూ, నదిలో నల్లరాళ్ళు చూస్తూ ఉంది.

తిరిగొచ్చాక మా డాక్టరుగారిని అడిగితే ఇంకా వివరంగా చెప్పారు. తొలి రాత్రి 2,800 మీటర్లు దాటి పడుకోకూడదు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. అలా కుదరని ప్రయాణమైతే ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ (ఎసిటజోలమైడ్) బిళ్ళ ముందు రోజునుంచి పూటకు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు వేసుకోవచ్చు. కానీ సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. నిద్రమాత్రలు, మద్యం అసలే వద్దు. రోజూ వాకింగ్ చేస్తాం, వయసులో ఉన్నాం అనే ధీమా దీనికి పనికిరాదట. కుర్రాళ్ళకూ వస్తుంది.

తలనొప్పి పూర్తిగా పోయాక, మూడో రోజు పొద్దున మళ్ళీ ఎక్కాం. ఈసారి పైన రాత్రి ఉండకుండా దిగిపోవాలని ముందే అనుకున్నాం. గుడి దాకా వదిన నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచింది, ఎవరూ తొందరపెట్టలేదు. నూట ఎనిమిది ధారల కింద మంచులాంటి నీళ్ళలో తడవకుండా, ఒక్కో ధార దగ్గరా చేయి చాచి తల మీద చల్లుకుంది. లోపల బౌద్ధ సన్యాసిని హారతి పళ్ళెం దగ్గర నిలబడి ఉంది. శ్రీదేవీ భూదేవుల మధ్య కూర్చున్న స్వామిని వదిన చాలాసేపు చూసింది. నేను ఆవిడ చేయి వదల్లేదు.

దిగేటప్పుడు దీదీ లాడ్జి ముందు ఆగాం. "తల నొప్పిగా ఉందా వదినా?" అని అడిగాను. "లేదే, నిజంగానే లేదు. ఆకలేస్తోంది" అంది. దీదీ దాల్ భాత్ పెడితే రెండోసారి అడిగి వడ్డించుకుంది.