చైనావాళ్ల తప్పుల పుస్తకం, మన సిన్స్ ఫైవ్ ఇయర్స్

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) ఉద్యోగాలకి, బ్యాంకు పరీక్షలకి చదువుకునే పిల్లలకి సాయంత్రాలు ఇంగ్లిష్ చెప్తుంటాను. అంతకు ముందు తార్నాకలో, ఇఫ్లూ అనే విదేశీ భాషల యూనివర్సిటీలో, చైనీస్ నేర్చుకున్నాను. దానికీ దీనికీ ఏం సంబంధం అక్కా అని ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతిసారీ క్లాసులో సగం చెప్పి వదిలేస్తున్నాను కాబట్టి ఇక్కడ మొత్తం రాసేస్తున్నా.

ఇంగ్లిష్ పరీక్షలతో కుస్తీ పట్టడంలో చైనా పిల్లలు మనకేం తీసిపోరు. అక్కడ ఇంటర్ అయ్యాక రాసే యూనివర్సిటీ ఎంట్రన్స్, గావ్‌కావ్‌లో మొత్తం 750 మార్కులుంటే అందులో 150 ఇంగ్లిష్‌వే. డిగ్రీలో చేరాక కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్ అని ఇంకోటి ఉంటుంది, 1987 నుంచి నడుస్తోంది, 710కి పెడతారు, నాలుగో లెవెల్‌లో కనీసం 425 వస్తేనే ఆరో లెవెల్‌కి కూర్చోనిస్తారు. పైగా వాళ్ల భాషలో మనకి లాగే ఏ, ద లాంటివి లేవు, దానికి తోడు క్రియ కాలాన్ని బట్టి మారదు, బహువచనానికి మన 'లు' లాంటిది మామూలు నామవాచకాలకి ఉండదు. అంటే మనకంటే చాలా వెనక నుంచి మొదలుపెడతారు. అలాంటివాళ్లు ఎలా చదువుతున్నారో చూస్తే మనకి పనికొచ్చేది ఏదో ఒకటి దొరుకుతుంది కదా.

వొకాబులరీ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాని మీద మనవాళ్లు ఇప్పటికే అవసరానికి మించి టైమ్ తగలేస్తున్నారు. చైనాలో చాలా పదాల పుస్తకాల్లో మొదటి పదం 'అబాండన్' అట, వదిలెయ్యడం అని అర్థం, చాలామంది అక్కడే పుస్తకాన్నీ వదిలేస్తారని వాళ్లే జోకులేసుకుంటారు. అందుకని అక్షరక్రమం చెదరగొట్టి కలగాపులగంగా అచ్చేసిన ఎడిషన్లు విడిగా అమ్ముతారు. మంచి పనే, ఏ నుంచి మొదలుపెట్టినవాళ్లకి ఏ, బీ తప్ప ఇంకేం రావు, మా బ్యాచ్‌లోనూ అంతే. ఇంకోటి, చదివిన పదాల్ని 1, 2, 4, 7, 15వ రోజుల్లో మళ్లీ చూడమని టేబుల్ ఇస్తారు. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన మరుపు మీద 1885లో రాసినదాన్ని పట్టుకుని అల్లిన లెక్క అది. సరిగ్గా ఆ రోజులే కానక్కర్లేదు, ఎడం పెంచుకుంటూ తిరగేస్తే చాలు. రోజుకి వంద పదాలు అని గోడ మీద రాసుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క పట్టించుకుంటే బాగుండు.

నాకు నిజంగా నచ్చింది మాత్రం 'త్స్వో తీ బెన్'. తప్పు చేసిన ప్రశ్నల నోట్‌బుక్ అన్నమాట. స్కూలు నుంచే అలవాటు చేస్తారు, అన్ని సబ్జెక్టులకీ. తప్పు చేసిన ప్రశ్నని యథాతథంగా రాయాలి, లేదా కత్తిరించి అంటించాలి, పక్కన మనం పెట్టిన జవాబు, సరైన జవాబు, ఎందుకు తప్పామో కారణం. మన దగ్గర మాక్ టెస్ట్ అవ్వగానే స్కోరు చూసుకుంటాం, ర్యాంకు చూసుకుంటాం, వాట్సాప్ గ్రూపులో పెడతాం, అయిపోయింది. ఆ తప్పులు ఏమయ్యాయో ఎవడికీ తెలీదు.

మా పిల్లల చేత ఈ నోట్‌బుక్ పెట్టించాను, కానీ ఒక కాలమ్ ఎక్కువ పెట్టించాను: ఆ జవాబు పెట్టేటప్పుడు నీ బుర్రలో నడిచిన తెలుగు వాక్యం ఏది? మొదట్లో సణిగారు. ఒకమ్మాయి నోట్‌బుక్‌లో పేజీ చూడండి. ప్రశ్న: 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ వర్ నాట్ గుడ్'. క్వాలిటీ ఏకవచనం కాబట్టి 'వాజ్' ఉండాలి, ఆమె నో ఎర్రర్ పెట్టింది. తెలుగు కాలమ్‌లో 'మామిడిపళ్ల క్వాలిటీ బాగాలేదు' అని రాసి, కింద గీత గీసింది. తెలుగులో క్వాలిటీ వచ్చి క్రియ పక్కనే కూర్చుంటుంది, మామిడిపళ్లు ఎక్కడో ముందుంటాయి, కాబట్టి క్రియ పక్కన ఏది ఉంటే దానితోనే కలపడం మనకి పుట్టుకతో అలవాటు. ఇంగ్లిష్‌లో అదే అలవాటు మామిడిపళ్ల దగ్గరికి తీసుకుపోతుంది. చైనీస్‌లో కూడా అసలు నామవాచకం చివరే వస్తుంది, 'నిన్న కొన్న పుస్తకం' అని వాళ్లూ మనలాగే విశేషణమంతా ముందు పెట్టేస్తారు, అందుకే పొడుగు వాక్యాల్లో వాళ్లకీ మనకీ తిప్పలు ఒకటే. 'వన్ ఆఫ్ ద బాయ్స్' తర్వాత 'ఈజ్' బదులు 'ఆర్' పెట్టడం కూడా ఈ ఖాతాలోదే.

అన్నీ ఒకటి కావు మరి. 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' పూర్తిగా మన సరుకు. 'ఐదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను' అనే వాక్యంలో 'నుంచి' సిన్స్ అయిపోయింది, 'ఉంటున్నాను' యామ్ లివింగ్ అయిపోయింది, ఒకే వాక్యంలో రెండు తప్పులు ('ఫర్', 'హావ్ బీన్ లివింగ్' ఉండాలి), రెండూ తెలుగువే. ఇలాగే 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే'. మనకి 'చూశాను' ఒక్కటే ఉంది, నిన్న చూసినా, ఎప్పుడో ఒకప్పుడు చూసినా. విచిత్రం ఏంటంటే కాలాలే లేని చైనీస్‌లో దీనికి ఒక పట్టు ఉంది. ఎప్పుడైనా జరిగిన అనుభవానికి క్రియ వెనక 'గ్వో' తగిలిస్తారు, నిన్న పోయొచ్చిన సంగతి చెప్పాలంటే 'ల' వాడతారు. 'వో చ్యూ గ్వో బెయ్‌జింగ్' అంటే నేను బీజింగ్ వెళ్లొచ్చాను, ఎప్పుడన్నది అనవసరం. వాళ్ల టీచర్ గ్వో చూపించి ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ని ('హావ్ సీన్' లాంటిదాన్ని) కొంతవరకు చెప్పగలడు. మరి మా పిల్లలు యూట్యూబ్‌లో చూసే హిందీ క్లాసుల్లో 'చుకా హై' వస్తే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని సూత్రం చెప్తారు. హిందీవాళ్లకి ఆ పట్టు ఉంది, పని జరుగుతుంది. మన పిల్లాడు దాన్ని తెలుగులో 'తిని ఉన్నాను' అని రాసుకుంటాడు. తిని ఉన్నాను అని ఏ ఇంట్లో ఎవరంటారండీ? చిక్కడపల్లి లైబ్రరీలో పక్కవాడు టిఫిన్ చేశావా అంటే తిన్నా అంటాం, అంతే. కాబట్టి మనకి తెలుగులోకి మార్చే సూత్రం పనిచెయ్యదు. వాక్యంలో నిన్న, పోయినేడు, 2019లో లాంటి తేదీ మాట ఉందా లేదా అని ముందు వెతకాలి. ఉంటే హావ్ కొట్టేసి 'సా' లాంటి మామూలు పాస్ట్ పెట్టు. పరీక్షకి అది చాలు.

'అడ్వైసెస్' సంగతి ఇంకా తమాషా. మనకి సలహాలు, సమాచారాలు అని బహువచనం హాయిగా వస్తుంది, అందుకే తప్పు పెడతాం. చైనీస్‌లో ఒక పుస్తకం అన్నా ఒక సలహా అన్నా మధ్యలో కొలత మాట ఒకటి పెట్టి తీరాలి, దాంతో 'ఏ పీస్ ఆఫ్ అడ్వైస్' వాళ్లకి చాలా మామూలు విషయంలా ఉంటుంది. వాళ్లకి అసలు తలనొప్పి చివర ఎస్ గుర్తుపెట్టుకోవడం, ఇంకా మాట్లాడేటప్పుడు హీ, షీ. రెండూ వాళ్ల నోట 'తా' నే కాబట్టి మంచి మార్కులొచ్చినవాళ్లు కూడా భార్యని హీ అనేస్తారు.

ఆర్టికల్స్‌కి మాత్రం నా దగ్గర మందు లేదు, వాళ్ల దగ్గరా లేదు. ఏ, ద రెండు భాషల్లోనూ లేవు, సూత్రాలు సగం దూరమే వస్తాయి, మిగతాది రోజూ ఒక ఇంగ్లిష్ ఎడిటోరియల్ చదివి చెవికి ఎక్కించుకోవాల్సిందే. నోట్‌బుక్‌లో ఒక నెల తప్పులు పోగయ్యాక ఆర్టికల్స్ పేజీ ఎంత లావుందో, సిన్స్-ఫర్ పేజీ ఎంతుందో పక్కపక్కన పెట్టి చూడండి. సన్నగా ఉన్న పేజీ జోలికి వెళ్లకండి. లావుగా ఉన్నదాంట్లో తెలుగు కాలమ్ మాత్రమే చదవండి, ఇంగ్లిష్‌ని చేత్తో మూసి, ఆ తెలుగు వాక్యాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లో మీరే రాయండి. కొత్త గ్రామర్ పుస్తకం కొనడానికి కోఠీ పరిగెత్తే పని ఆ తర్వాత చూసుకోవచ్చు.