బ్యాకప్ సర్వర్ లాగ్: తెల్లారినా తెమలని జాబ్

మా కూకట్‌పల్లి ఇంట్లో బ్యాకప్ సర్వర్ మూడు వారాలుగా నాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. రాత్రి 11కి మొదలయ్యే బాక్యులా (బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్) జాబ్ ఇదివరకు ఒంటిగంటన్నరకల్లా అయిపోయేది. ఈమధ్య పొద్దున అమ్మ పాలు కాచే వేళకి కూడా డిస్కులు టకటకమంటూనే ఉంటున్నాయి. నాన్న స్కాన్ చేయించిన పొలం దస్తావేజులు, అక్క పెళ్లి వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి. చూద్దాంలే అని వదిలేసేది కాదు.

మెషీన్‌లో ర్యామ్ 16 జీబీ. 4 టీబీ డిస్కులు నాలుగు, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెండు మిర్రర్లుగా, అంటే రెండేసి డిస్కుల్లో ఒకే డేటా. కేటలాగ్, అంటే బాక్యులా పద్దుపుస్తకం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది, అదీ ఆ డిస్కుల మీదే.

మొదట నెట్‌వర్క్‌ని అనుమానించి ఒక వారం పోగొట్టుకున్నాను. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్ 940 మెగాబిట్లు చూపించింది, గిగాబిట్ లైనులో అంతకు మించి రాదు. ఒక రాత్రి రెండింటికి లేచి కన్సోల్‌లో స్టేటస్ చూస్తే విషయం తెలిసింది. డేటా రాయడం ఎప్పుడో అయిపోయింది. జాబ్ ‘ఇన్సర్టింగ్ ఆట్రిబ్యూట్స్’ దగ్గర ఆగిపోయి ఉంది. అంటే ఫైళ్లు డిస్కుకి చేరాయి, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పద్దు మాత్రం డేటాబేస్‌లోకి ఎక్కడం లేదు.

ఫైల్ టేబుల్‌లో 3 కోట్లకు పైగా వరుసలున్నాయి. గడువు తీరిన రికార్డులను బాక్యులా తొలగిస్తూనే ఉంది. కానీ పోస్ట్‌గ్రెస్ డిలీట్ చేసిన వరుసని వెంటనే తీసెయ్యదు. ఆటోవాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా ఆ చచ్చిన వరుసలు అక్కడే పడి ఉంటాయి. మామూలు సెట్టింగ్‌లో దాదాపు 20 శాతం వరుసలు చస్తేగానీ అది కదలదు. చిన్న టేబుల్‌కి ఫర్వాలేదు, నా టేబుల్‌కి మాత్రం అది 60 లక్షల వరుసలు! ఆ ఒక్క టేబుల్‌కి ఆ హద్దుని (స్కేల్ ఫ్యాక్టర్) 0.02కి, అంటే 2 శాతానికి తగ్గించాను.

లాగ్‌లో చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పులను డిస్కు మీద రాసెయ్యడం) మరీ తరచుగా పడుతున్నాయన్న హెచ్చరిక కూడా కనిపించింది. మ్యాక్స్ వాల్ సైజ్ (మార్పుల చిట్టాకి హద్దు) 1 జీబీ నుంచి 8 జీబీకి, షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్ మెమరీ) 128 ఎంబీ నుంచి 3 జీబీకి పెంచాను. ర్యామ్ కోసం పోస్ట్‌గ్రెస్, జెడ్‌ఎఫ్‌ఎస్ రెండూ కొట్టుకోకుండా జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్ అయిన ఆర్క్‌కి 6 జీబీ హద్దు పెట్టాను. జాబ్ గంట ముందు అయింది, అంతే.

అసలు చిక్కు డిస్కుల దగ్గరే ఉంది. బ్యాకప్ వాల్యూమ్ (బ్యాకప్ డేటా చేరే పెద్ద ఫైలు) అంటే వరసగా, పొడుగ్గా రాసుకుంటూ పోవడం. డేటాబేస్‌ది అక్కడో ముక్క ఇక్కడో ముక్క. ఒకే డిస్కు మీద రెండూ పెడితే హెడ్ అటూ ఇటూ తిరగడానికే సరిపోతుంది. శనివారం సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి 480 జీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు తెచ్చాను. “రెండూ ఒకే కంపెనీవి తీసుకోకన్నా, పోతే రెండూ ఒకేసారి పోతయ్” అన్నాడు షాపు కుర్రాడు. మంచి మాట, విన్నాను.

ఎస్‌ఎస్‌డీ మిర్రర్ మీద కేటలాగ్‌కి రికార్డ్ సైజ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైలుని విడగొట్టే ముక్క గరిష్ఠ సైజు) 16 కేబీ, పాత డిస్కుల పూల్‌లో వాల్యూమ్‌లకి 1 ఎంబీ. ఈ సైజు మారిస్తే కొత్తగా రాసే ఫైళ్లకే వర్తిస్తుంది, పాతవి పాతలాగే ఉంటాయి. డేటాబేస్‌ని డంప్ తీసి కొత్త చోట రీస్టోర్ చేశాను. దాంతో చచ్చిన వరుసలన్నీ కూడా పోయాయి. అందుకే వచ్చిన వేగంలో ఎస్‌ఎస్‌డీ వాటా ఎంతో విడిగా చెప్పలేను. వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకి చేరేదాకా ఆగడం) తీసెయ్యమని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. ఆ పని చెయ్యను. మే నెలలో గాలివాన వస్తే మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ ఉన్నా సరే డేటాబేస్ పాడయ్యే రిస్క్ నాకొద్దు.

కేబుళ్లు కదిలించినప్పుడు ఇంకొకటి బయటపడింది. మూడో డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో 199వ వరుస, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా కేబుల్ దాటేటప్పుడు వచ్చే తప్పులు), 41 నుంచి 58కి చేరాయి. ఇది ఎక్కువగా కేబుల్ తప్పే అవుతుంది. డిస్కే పాడవుతుంటే పెరిగే రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు రెండూ సున్నా. తీసి చూస్తే సాటా కేబుల్ క్లిప్పు విరిగి వదులుగా ఉంది. కొత్తది పెట్టి, డేటా అంతా సరిచూసే స్క్రబ్ నడిపాను. ఆ ఎర్రర్ల అంకె వెనక్కి తగ్గదు, పెరక్కపోతే చాలు. పది రోజులుగా 58 దగ్గరే ఉంది.

నిన్న జాబ్ 1:10కి ముగిసింది. పొద్దున నాన్నని పిలిచి, ఆయన అడిగిన పొలం దస్తావేజు ఒకటి బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని సర్వే నంబరు, చివరి పేజీలో తాతయ్య వేలిముద్ర సరిచూసి, “అన్నీ ఉన్నాయిరా” అన్నారు.