హెలోలో ఒక ఎల్ తక్కువ

ఆదివారం, రాత్రి పదీ నలభై

పొద్దున ఐదున్నరకే లేచాను. మా ఇంట్లో ఆదివారం ఏడున్నర లోపు ఎవరూ కదలరు కాబట్టి రెండు గంటలైనా నావని లెక్క. ఎథికల్ హ్యాకింగ్ (యజమాని అనుమతితో లోపాలు వెతికే పని) పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. 125 ప్రశ్నలు, 4 గంటలు. నిన్నటి మాక్ టెస్టులో ఎన్యూమరేషన్ చాప్టర్లో, అంటే సర్వర్నే అడిగి అందులో ఎవరెవరున్నారో రాబట్టడంలో, పదికి నాలుగే వచ్చాయి. ఎస్‌ఎన్‌ఎంపీ 161, ఎల్‌డాప్ 389 అంటూ పోర్టు నంబర్లన్నీ (సర్వర్లో ఒక్కో సేవకి ఒక్కో తలుపు నంబరు) ఎక్కాల్లా అప్పజెప్పగలను. పోయినవన్నీ మెయిల్ సర్వర్ ప్రశ్నలే. ఏడేళ్ళుగా ఆఫీసులో మెయిల్ సర్వర్లు చూస్తున్నదాన్ని! ఈయనకి మార్కులు చెప్పలేదు.

అందుకే ఇవాళ పుస్తకం పక్కన పెట్టి ల్యాబ్ తెరిచాను. ల్యాబ్ అంటే ఏం లేదు, 8 జీబీ ర్యామున్న లాప్‌టాప్, అందులో ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే వర్చువల్‌బాక్స్. ఒక వైపు హ్యాకింగ్ పనిముట్లున్న కాలీ, ఇంకో వైపు మెటాస్ప్లాయిటబుల్ 2. నేర్చుకునేవాళ్ళ కోసం కావాలనే తలుపులన్నీ బార్లా తీసి పెట్టిన మెషిన్ అది. రెండూ హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లో ఉన్నాయి, ఏం చేసినా లాప్‌టాప్ గడప దాటదు. రెండూ ఒకేసారి ఆన్ చేస్తే ఫ్యాన్ మాత్రం మిక్సీలా మోగుతుంది.

నెట్‌క్యాట్ అనే చిన్న పనిముట్టుతో మెయిల్ తలుపు, అంటే పోర్టు 25 తట్టాను. అటునుంచి సర్వర్ 220 అని పలికి, తన పేరూ, తాను పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ అనీ, ఉబుంటు మీద ఉన్నాననీ అడక్కుండానే చెప్పేసింది. ఇటునుంచి మనం హెలో కొట్టాలి. అందులో ఒక ఎల్ తక్కువ, ఎందుకంటే ఆ రోజుల్లో కమాండ్లన్నీ నాలుగక్షరాలే. టైప్ చేస్తూ పైకి అనేసినట్టున్నాను.

"ఇంత పొద్దున్నే ఎవరితోనమ్మా హలోలు?" వంటింట్లోంచి అత్తయ్య.

"సర్వర్‌తో అత్తయ్యా."

"పలికిందా?"

"పలికింది."

"అయితే సరే. డికాషన్ వేస్తున్నా."

నిన్న నన్ను ముంచింది వీఆర్‌ఎఫ్‌వై. అంటే వెరిఫై. దాని పక్కన ఒక పేరు రాసి ఎంటర్ కొడితే, ఆ పేరుతో ఇక్కడ మనిషి ఉన్నాడో లేడో సర్వర్ చెప్పాలి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన మెయిల్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 821లోనే ఉంది ఇది. అప్పటి నెట్‌వర్క్‌లో మెషిన్లు కొన్నే, వాడేవాళ్ళు చాలావరకు యూనివర్సిటీల వాళ్ళూ పరిశోధకులూ. ఉత్తరం పంపేముందు అడ్రసు సరైందో కాదో అడిగితే చెప్పడం మర్యాద. ఎక్స్‌పీఎన్ అని ఇంకోటుంది, మెయిలింగ్ లిస్టు పేరు చెబితే అందులో ఉన్నవాళ్ళందర్నీ ఏకరువు పెడుతుంది. ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది గానీ అప్పుడది సదుపాయం.

పుస్తకం ఏమంటుందంటే, మనిషి ఉంటే 250, లేకపోతే 550. నేనదే బట్టీ పట్టాను. ల్యాబ్‌లో ఎంఎస్‌ఎఫ్‌అడ్మిన్ అని కొట్టాను, కచ్చితంగా ఉన్న యూజరు. వచ్చింది 252. తర్వాత వచ్చిన ఆర్‌ఎఫ్‌సీల ప్రకారం 252 అంటే "ఉన్నాడో లేడో చెప్పలేను గానీ ఉత్తరమిస్తే తీసుకుని ప్రయత్నిస్తాను" అని. అంటే గోడమీద పిల్లి. నిన్న ఇలాంటి ప్రశ్నకే "సర్వర్ సమాచారమివ్వలేదు" అన్న ఆప్షన్ పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. ఇవాళ ఆ వెంటనే ఏదో తోచిన పేరు కొట్టాను. 550, యూజర్ అన్‌నోన్. మళ్ళీ రూట్ అని కొట్టాను, ఇలాంటి మెషిన్లన్నిట్లో ఉండే పెద్ద యూజరు. 252.

అక్కడ వెలిగింది. చెప్పలేనంటూనే చెప్పేస్తోంది! లేనివాడికి కూడా 252 అని ఉంటే నాకేమీ తెలిసేది కాదు. ఉన్నవాడికొక మాట, లేనివాడికొక మాట, అంతే కావాల్సింది. ఆ నంబరు 250 అయితే ఏంటి, 252 అయితే ఏంటి.

ఎక్స్‌పీఎన్ కొడితే 502, అసలా కమాండే తెలియదంది. పోస్ట్‌ఫిక్స్‌లో అది లేనే లేదట. ఏడేళ్ళుగా పోస్ట్‌ఫిక్స్‌తో కాపురం చేస్తూ ఈ సంగతి ఇవాళ తెలుసుకోవడం సిగ్గుగానే ఉంది. ఇక ఆర్‌సీపీటీ టూ మూడో దారి. ఉత్తరం పంపుతున్నట్టే నటించి, ఎవరికో చెప్పి, సర్వర్ ఆ పేరు ఒప్పుకుంటుందో లేదో చూసి, లోపలేమీ రాయకుండా వెనక్కి వచ్చేయడం. ముందు మెయిల్ ఫ్రమ్, అంటే పంపేదెవరో, చెప్పడం మర్చిపోతే 503 అని మొట్టికాయ వేస్తుంది, నేను రెండుసార్లు వేయించుకున్నాను.

కాఫీ అయ్యాక మెటాస్ప్లాయిట్ అనే హ్యాకింగ్ పనిముట్టులో, ఈ అడగడమంతా తానే చేసే ఎస్‌ఎంటీపీ ఎన్యూమ్ నడిపాను, దాంతో వచ్చే యునిక్స్ పేర్ల జాబితా ఇచ్చి. బిన్, డీమన్, గేమ్స్, మెయిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్... వరసగా పడ్డాయి. మధ్యలో నోబడీ. ఎవరూ లేరు అనే పేరుతో ఒకడున్నాడు! ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

కానీ ఇవన్నీ సిస్టమ్ పేర్లు, మనుషులవి కావు. తొమ్మిదింటికి ఈయన టిఫిన్ ముగించి ఖాళీగా దొరికితే కూర్చోబెట్టి, యాడ్‌యూజర్ ఎలా వాడాలో కాగితం మీద రాసిచ్చి, నాకు చూపించకుండా ఆరు పేర్లు చేర్చమన్నాను. ఒక్కో పేరుకీ పాస్‌వర్డ్ రెండుసార్లు, పూర్తి పేరు, రూము నంబరు అన్నీ అడుగుతుంటే "ఇదేం ఆధార్ సెంటరా?" అని విసుక్కున్నారు గానీ చేశారు.

పుస్తకాల్లోని జాబితాలన్నీ జాన్లూ స్మిత్‌లే. మన ఆఫీసుల్లో ఆ జాబితాతో ఒక్కడూ దొరకడు. నేనే ఒకటి రాసుకున్నాను: శ్రీనివాస్, వెంకట్, రమేష్, సురేష్, లక్ష్మి, పద్మ, ఇంకొన్ని. రాస్తుంటే తెలిసింది తంటా. శ్రీనివాస్ ఒక్కడే ఎన్ని రకాలు! శ్రీలో ఒక ఐ రాసేవాళ్ళు, రెండు ఈలు రాసేవాళ్ళు, చివర యు తగిలించి శ్రీనివాసు చేసేవాళ్ళు. లక్ష్మికి కె, ఎస్, హెచ్ మూడూ రాసేవాళ్ళు కొందరు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవాళ్ళు కొందరు. వెంకటలో చివరి ట తర్వాత హెచ్ ఉందో లేదో ఆ మనిషి పదో తరగతి సర్టిఫికెట్ చూస్తే గానీ తెలియదు. మా ఆఫీసులో ముగ్గురు శ్రీనివాసులు, వాళ్ళ మెయిల్స్ ఒకరివొకరికి పోవడం వారానికోసారి ఉన్నదే. ఇన్నాళ్ళూ విసుక్కున్నాను గానీ, బయటివాడు ఊహించడానికి ఇదే అడ్డం పడుతోందంటే కాస్త ముద్దొచ్చింది. ముద్దే, రక్షణ కాదు. ఆ రకాలన్నీ జాబితాలో చేర్చుకోవడానికి నాకు పావుగంట పట్టింది, అంతే.

మొదట చేత్తోనే ఒక్కొక్కటీ కొట్టాను. పది తప్పు పేర్లు దాటాక జవాబులు నసగడం మొదలుపెట్టాయి, ఒక్కోదానికి ఒక సెకను ఆగి మరీ చెబుతోంది. ఇరవై దాటేసరికి 421, తప్పులెక్కువయ్యాయి అని ఫోను పెట్టేసింది. బాగుంది, దానికీ ఓపిక హద్దుంది. కానీ మళ్ళీ కనెక్ట్ అయితే లెక్క మొదటికొస్తుంది. ఆరింట్లో నాలుగు దొరికాయి. దొరకనివి రెండు. ఒకటి ఈయన చిన్ననాటి స్నేహితుడి ముద్దుపేరు, రెండోది "బుజ్జి". బుజ్జి ఎవరంటే అత్తయ్యేనట. పెళ్ళయి ఆరేళ్ళయింది, నాకివాళే తెలిసింది.

మధ్యాహ్నం పన్నెండప్పుడు బట్టలారేస్తుంటే కింద గేటు దగ్గర కొరియర్ అబ్బాయి గొంతు వినిపించింది. 302లో ఫలానా ఆయన ఉంటారా అని అడుగుతున్నాడు. మా వాచ్‌మన్ బంగారం లాంటి మనిషి, ఎవరడిగినా విడమరిచి చెబుతాడు.

"గాయన 302 కాదు, 204ల ఉంటడు. ఇప్పుడు లేడు, ఇంటోళ్ళందర్నీ తీస్కొని ఊరికి పోయిండు. మంగళారం వస్తడు."

తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. 551. ఇక్కడ లేడు, ఫలానా చోట అడుగు అని. ఆర్‌ఎఫ్‌సీలో అచ్చంగా ఉంది. మంగళారం దాకా ఇంటికి తాళం అన్నది మాత్రం పోస్టెల్ కూడా రాయలేదు. కిందికెళ్ళి ఏమైనా అందామనుకున్నాను గానీ, రేపు నా పార్సెల్ వచ్చినప్పుడు అతనే తీసి పెట్టాలి. ఊరుకున్నాను.

భోజనాలయ్యాక కాసేపు పడుకుందామంటే ఒకటే పురుగు. రెండేళ్ళ క్రితం ఆఫీసులో కొత్త మెయిల్ సర్వర్ పెట్టింది నేనే. అందులో వెరిఫై ఆపానా? ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. ఇంటినుంచే పోర్టు 25 తట్టి చూద్దామా అని చెయ్యి లాగింది. నా సర్వరే కదా అనుకున్నా, కాదు, కంపెనీది. రాతలో అనుమతి లేకుండా తట్టడం ఎలాంటి పనో అదే పుస్తకంలో మొదటి చాప్టర్. ఐటీ చట్టం సెక్షన్ 43, 66. మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నిన్న ఆ ప్రశ్నకి మార్కొచ్చింది నాకు.

అయితే సెట్టింగ్స్ చూడటం నా ఉద్యోగమే. వీపీఎన్‌తో ఆఫీసు నెట్‌వర్క్ ఎక్కి, సెట్టింగ్స్ చూపించే పోస్ట్‌కాన్ఫ్ కొట్టి, వెరిఫైని ఆపే డిజేబుల్ వెరిఫై వరస వెతికాను. నో. ఎవరూ ముట్టుకోకపోతే పోస్ట్‌ఫిక్స్‌లో ఉండే మాటే అది. అంటే నేను ముట్టుకోలేదు. రెండేళ్ళుగా అడిగినవాడికల్లా నా సర్వరు మా వాచ్‌మన్‌లా జవాబు చెబుతూనే ఉందన్నమాట. కడుపులో ఏదో అయింది. ఎవరైనా అడిగారేమో సర్వర్ రాసుకునే చిట్టాలో, అదే లాగుల్లో చూశాను, రెండు వారాల వెనక్కి మించి లేవు. ఆ రెండు వారాల్లో ఎవరూ లేరు. నోబడీ కూడా.

ఎస్ అని మార్చడం పది సెకన్ల పని. కానీ ఆదివారం చేంజ్ టికెట్, అంటే మార్పుకి రాతలో అనుమతి, లేకుండా ముట్టుకోకూడదు. పైగా అదొక్కటే మారిస్తే పనయిపోదు. ఆర్‌సీపీటీ దారి తెరిచే ఉంటుంది, దాన్ని మూయలేం. లేనివాళ్ళకొచ్చిన ఉత్తరాలన్నీ తీసుకుని తర్వాత తిప్పి పంపుదామంటే, స్పామ్ వాళ్ళు దొంగ అడ్రసుల పేరుతో పంపినవన్నీ ఏ పాపం ఎరగని వాళ్ళ మీద పడతాయి. కాబట్టి లేడంటే లేడనే చెప్పాలి, కాకపోతే ఒకే చోటినుంచి వరసపెట్టి అడిగేవాణ్ణి నెమ్మదింపజేయాలి, లాగుల్లో కనిపెట్టుకోవాలి. అలాగే టికెట్ రాశాను, రేపు రాత్రి పదికి. లాగులు తొంభై రోజులుంచాలని ఇంకో టికెట్.

"కారణం" అన్న గడి దగ్గర పది నిమిషాలు కూర్చున్నాను. ఆడిట్ వాళ్ళ సూచన అని రాస్తే ఎవరూ అడగరు. చివరికి "మొదట పెట్టినప్పుడు నేను చూసుకోలేదు" అని రాసి పంపేశాను. మా మేనేజరు రాత్రి ఎనిమిదింటికి ఒక బొటనవేలు బొమ్మ పెట్టారు, అంతే.

మినప్పప్పు నానబోయడం మర్చిపోయాను. అత్తయ్య పోశారట. పడుకోబోతూ అడిగారు, ఆ మెషిన్లో నా పేరు ఇంకా ఉందా అని. తీసేయనా అంటే, ఉండనీ, దొరకలేదుగా అన్నారు.