నా అనుభవం: 24 నిమిషాలు తక్కువైన లాగ్‌బుక్

నిన్న మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ఇక్కడ అమెరికాలో ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఉద్యోగం. విమానం ఎంబ్రాయర్ 175. వచ్చే నెల మొదటి వారంలో క్లాసు మొదలు. అక్కకి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏడ్చింది, తర్వాత "నాన్నకి నువ్వే చెప్పు, నేను చెప్పను" అంది. చెప్పాను. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది ఎందుకంటే, ఈ మెయిల్‌కి మూడు వారాల ముందు ఇదే ఎయిర్‌లైన్ ఆఫీసులో నా పరువు పోయింది. రోజులు గడిచేకొద్దీ ఆ ముక్క దాచేసి మిగతాది మాత్రమే చెప్పుకుంటానేమో, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ప్రైవేట్, ఇన్‌స్ట్రుమెంట్, కమర్షియల్, మల్టీ ఇంజిన్, సీఎఫ్ఐ (ఎగరడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్). ఈ ఐదు చెక్‌రైడ్లూ (లైసెన్సు కోసం ఎగిరి చూపించే పరీక్షలు) మొదటిసారే పాసయ్యాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నా, ఎందుకంటే సీఎఫ్ఐ చెక్‌రైడ్‌లో మొదటిసారి తప్పినవాళ్లు మా స్కూల్లోనే చాలామంది ఉన్నారు. ఫస్ట్ క్లాస్ మెడికల్ పరీక్ష ఒక్క పూటలో అయిపోయింది. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి పని చేసే హక్కు గురించిన ప్రశ్న ఒక్క నిమిషంలో దాటిపోయింది. వీసా మీద ట్రైనింగ్‌కి వచ్చినవాళ్లు మాత్రం అప్పు చేసేముందు ఈ సంగతి తేల్చుకోండి. గంటలు ఎన్ని ఉన్నా, ఆ కాగితం లేకపోతే ఇక్కడ ఎయిర్‌లైన్ తలుపు తెరుచుకోదు.

ఇక గంటల సంగతి. ఇక్కడ ఎయిర్‌లైన్‌లో కుడి సీట్లో కూర్చోవాలన్నా ఏటీపీ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్) సర్టిఫికెట్ ఉండాలి. దానికి మామూలుగా 1500 గంటలు, అందులో 500 క్రాస్‌కంట్రీ (దూరపు చోట్లకి ఎగిరినవి), 100 రాత్రి, 75 ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా గేజిలతో నడిపినవి). ఒకప్పుడు 250 గంటల కమర్షియల్ లైసెన్సుతో రీజనల్స్‌లో చేరేవాళ్లు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలిపోయి, విమానంలోని 49 మంది, నేల మీద ఒకరు, మొత్తం 50 మంది చనిపోయారు. బాధిత కుటుంబాలు పట్టువదలకుండా తిరిగితే 2010లో చట్టం వచ్చింది, 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్లకి కూడా ఏటీపీ తప్పనిసరి అయింది. ఆ విమానంలోని పైలట్లిద్దరికీ 1500 గంటలకంటే ఎక్కువే ఉన్నాయి. దర్యాప్తులో తేలిన ఇంకో విషయం, కెప్టెన్ తాను తప్పిన పాత చెక్‌రైడ్లు కొన్ని ఉద్యోగ దరఖాస్తులో రాయలేదు. పైలట్ రికార్డులన్నీ ఒకచోట ఉంచే డేటాబేస్ పెట్టమన్నది కూడా ఆ చట్టమే. ఈ కథంతా నాకు ముందే తెలుసు. నేను పాఠం చెప్పేటప్పుడు స్టూడెంట్లకి చెప్పేవాణ్ని కూడా. అది నాకు వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

సీఎఫ్ఐగా గంటలు పోగేస్తే 1500 వస్తాయి. క్రాస్‌కంట్రీ మాత్రం రాదు. రోజంతా రన్‌వే చుట్టూ ల్యాండింగులు నేర్పుతుంటే అది ఎలా వస్తుంది? నాకు 1200 దాటేసరికి మూడొందల చిల్లరే ఉంది. అప్పుడే ఒక స్కూలువాళ్లు టైమ్ బిల్డింగ్ ప్యాకేజీ అంటగట్టారు. ఇద్దరు పైలట్లు, ఒక రెండింజన్ల విమానం, ఖర్చు చెరిసగం. ఒకడు హుడ్ పెట్టుకుని బయటికి చూడకుండా గేజిలు చూస్తూ నడుపుతాడు, ఇంకొకడు సేఫ్టీ పైలట్‌గా బయట చూస్తుంటాడు. "ఇద్దరికీ పూర్తి టైమ్ వస్తుంది, ఇద్దరికీ క్రాస్‌కంట్రీ వస్తుంది" అని కౌంటర్‌లో కూర్చున్న మనిషి చెప్పాడు. రూల్ పుస్తకం ఇంట్లో నా బల్ల మీదే ఉంది. తీసి చూడలేదు. నా వాటా డబ్బు కట్టేశాను.

నా ఇంటర్వ్యూ రోజు ఉదయం అంతా బాగానే సాగింది. హెచ్ఆర్ ఆవిడ "ఎవరితోనైనా విభేదం వచ్చినప్పుడు ఏం చేశారో ఒక సందర్భం చెప్పండి" లాంటివి అడిగింది. అప్రోచ్ (దిగడానికి వచ్చే దారి) చార్టు ఇచ్చి బ్రీఫ్ చేయమన్నారు, చేశాను. వాతావరణ రిపోర్టు చదివించారు. హోల్డింగ్ ఎంట్రీలు, వీ1 అంటే ఏంటి, ఐసింగ్‌లో ఏం చేస్తావు, అన్నిటికీ తడబడకుండా జవాబిచ్చాను. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నా.

అప్పుడు ఒక కెప్టెన్ వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతిలో ఒక స్కేలు, ఒక పెన్సిలు. ఎగిరిన గంటలు రాసుకునే నా లాగ్‌బుక్ తన వైపు తిప్పుకుని స్కేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి జరుపుకుంటూ చదివాడు. పది నిమిషాలపాటు ఒక్క మాట లేదు. మధ్యలో ఒకచోట ఆగి, పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. నాలుగు వరుసల కింద ఇంకో చుక్క. మళ్లీ ఇంకోటి.

"ఈ రోజు హుడ్ మీరు పెట్టుకున్నారా, మీ స్నేహితుడా?"

"అతను సార్. నేను సేఫ్టీ పైలట్."

"విమానం మొత్తం ఎన్ని గంటలు తిరిగింది?"

"2.4."

"మీ లాగ్‌బుక్‌లో ఎంత?"

"2.4."

"మరి టేకాఫ్ కూడా హుడ్ కిందే చేశాడా? ల్యాండింగ్ కూడానా?"

నా నోట మాట రాలేదు. రూల్ చాలా తేలిక. సేఫ్టీ పైలట్ అవసరమయ్యేది రెండోవాడు హుడ్ కింద ఉన్నంతసేపే. కాబట్టి అంతసేపే రాసుకోవాలి. టాక్సీ, టేకాఫ్, ల్యాండింగ్ ఆ పక్క సీటువాడివి. ఇక క్రాస్‌కంట్రీ అయితే సేఫ్టీ పైలట్‌కి అసలు రాదు. టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా మొత్తం నడిపినవాడికే అది చెందుతుందని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) న్యాయ విభాగం 2009లోనే లిఖితపూర్వకంగా తేల్చిచెప్పింది. నేనేమో రెండూ రాసుకున్నాను, తొమ్మిది ఫ్లైట్లకీ.

ఆయన కాలిక్యులేటర్ తీసి నా చేతికిచ్చాడు. "మీరే లెక్క కట్టండి" అన్నాడు. తొమ్మిది ఫ్లైట్లు, 21.6 గంటలు. ఒక్కోదాంట్లో హుడ్ లేని సమయం 0.4 చొప్పున తీసేస్తే 3.6 పోతాయి. దరఖాస్తులో నేను రాసిన మొత్తం 1503.2. తీసేస్తే 1499.6. క్రాస్‌కంట్రీ 504.3 అని రాశాను. అందులోంచి 21.6 పూర్తిగా పోతే 482.7. మొదటిసారి 9 బదులు 6 నొక్కాను, వేళ్లు వణుకుతున్నాయి. మళ్లీ కట్టమన్నాడు, కట్టాను. 1499.6. అంటే 24 నిమిషాలు తక్కువ. ఎదురుగా హెచ్ఆర్ ఆవిడ తల వంచుకుని తన కాగితాలు సర్దుకుంటోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆయన దరఖాస్తు చివరి పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. "పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం, దాని కింద నా సంతకం.

"ఇది మీరు పెట్టిందేనా?"

"అవును సార్."

"మీకు 1500 ఉంటే క్రాస్‌కంట్రీ 200తో కూడా రిస్ట్రిక్టెడ్ ఏటీపీ వస్తుంది. ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చోడానికి మాకది చాలు. ఈ 21 గంటలు లేకపోయినా మిమ్మల్ని తీసుకునేవాళ్లం. పోనీ 24 నిమిషాలు తక్కువని రాసుంటే వచ్చే వారం ఎగిరి రమ్మనేవాళ్లం. మీరు చూసుకోకుండా సంతకం పెట్టారు. రేపు విమానం బరువు లెక్క మీద కూడా ఇలాగే పెడతారా?"

నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ మాట అన్నాను కూడా. "నేను మిమ్మల్ని దొంగ అనలేదు" అన్నాడాయన. "లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచి సరిచేసుకుని మళ్లీ రండి. దరఖాస్తు మూసేయను." ఇంత పెద్దమనిషి అలా అన్నందుకు కృతజ్ఞత ఉండాలి, ఇప్పుడు ఉంది. ఆ క్షణంలో మాత్రం ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది. పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చున్నాను. టై విప్పి పక్క సీట్లో పడేశాను. అక్క మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

నా జతగా ఎగిరిన స్నేహితుడికి చెబితే "అందరూ అలాగే రాస్తార్రా, నీకు దొరికినవాడు చాదస్తుడు" అన్నాడు. వాడు అప్పటికే ఇంకో ఎయిర్‌లైన్‌లో చేరిపోయాడు. అక్కడ వాడి పుస్తకం ఎవరూ అంత లోతుగా చూడలేదట. వాడితో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మంట పోలేదు. మా ఇద్దరి లాగ్‌బుక్కుల్లో ఒకే రోజు, ఒకే విమానం, ఒకే 2.4 ఉన్నాయి. ఎప్పుడైనా ఆ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీదికొస్తే వాడికేం జవాబుంటుంది? ఇక ఆ స్కూలువాళ్లు. కుర్రాళ్ల దగ్గర వేల డాలర్లు తీసుకుని, రూల్ తెలిసి కూడా "ఇద్దరికీ వస్తుంది" అని అమ్ముతున్నవాళ్లని నేను క్షమించలేను. తెలియకుండా అమ్ముతుంటే అది ఇంకా ఘోరం. నేను వెళ్లి అడిగితే "మా దగ్గర్నుంచి ఇంతమంది ఎయిర్‌లైన్స్‌లో చేరారు" అని గోడ మీది ఫోటోలు చూపించారు.

లాగ్‌బుక్ సరిచేయడానికి 16 రోజులు పట్టింది. పగలు స్టూడెంట్లతో ఎగరడం, రాత్రి పుస్తకం ముందు కూర్చోవడం. తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత, కింద ఉన్నది కనబడేలా. పక్కన సరైన అంకె, నా పొడి సంతకం, తేదీ. వైట్‌నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు, పాత పుస్తకం పక్కన పడేసి కొత్తది శుభ్రంగా రాసుకోకూడదు. శుభ్రమైన పుస్తకం చూస్తే వాళ్లకి అనుమానం పెరుగుతుంది. నేను హుడ్ కింద ఉన్న ఫ్లైట్లలో సేఫ్టీ పైలట్ పేరు రాసి ఉండాలి. నాలుగింటిలో లేదు. అద్దె రసీదులు వెతికి, తేదీలు సరిపోల్చి, వాడికే ఫోన్ చేసి పేరు ధ్రువీకరించుకోవాల్సి వచ్చింది. ఆ ఫోన్‌తోనే మాటలు మళ్లీ కలిశాయి.

ఈ పనిలో ఒక మేలు జరిగింది. ఏటీపీ లెక్కలో క్రాస్‌కంట్రీకి బయల్దేరిన చోటునుంచి నేరుగా 50 నాటికల్ మైళ్లు దాటి వెళ్తే చాలు, అక్కడ దిగక్కర్లేదు. కమర్షియల్‌కి దిగాలి కాబట్టి నేను ఆ అలవాటులోనే ఉండిపోయాను. ఇన్‌స్ట్రుమెంట్ స్టూడెంట్లతో దూరపు ఎయిర్‌పోర్టుకి వెళ్లి, అప్రోచ్ చేసి, దిగకుండా మిస్డ్ అప్రోచ్‌తో వెనక్కొచ్చిన పాఠాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ రాసుకోలేదు. మ్యాపు మీద ఒక్కోటీ కొలిచి, 50 దాటినవే తీసుకున్నా. 49 మైళ్లు వచ్చినవి రెండు వదిలేశాను. 31.2 గంటలు తేలాయి. 482.7కి కలిపితే 513.9. నేను తప్పుగా రాసుకున్న 21.6 కంటే, న్యాయంగా నాకు రావాల్సింది ఎక్కువ. నా స్టూడెంట్లు ఇచ్చిన గంటలు నా పుస్తకంలోనే ఉంటే, నేను పోయి డబ్బు కట్టి తప్పుడు గంటలు కొనుక్కున్నాను. సీఎఫ్ఐలు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ రాత్రే మీ పుస్తకం తీయండి. ప్రతి పేజీ కిందా మొత్తం మళ్లీ కూడండి. పాత చెక్‌రైడ్ దరఖాస్తుల్లో అప్పట్లో మీరు రాసిన అంకెలు ఎఫ్ఏఏ దగ్గర ఉంటాయి, వాటితో కూడా పోల్చుకోండి.

రెండోసారి వెళ్లినప్పుడు అదే కెప్టెన్, అదే స్కేలు. నేను ఒక కాగితం మీద తప్పులన్నీ నేనే వరుసగా రాసి తీసుకెళ్లాను: పేజీ, తేదీ, పాత అంకె, కొత్త అంకె, కారణం. అది ముందు చదివి, పుస్తకంలో ఐదారుచోట్ల తీసి చూశాడు. 49 మైళ్ల ఫ్లైట్లు రెండూ ఎందుకు వదిలేశావని అడిగాడు. దాటలేదు కాబట్టి అన్నాను. తలూపి పుస్తకం మూసి నా వైపు జరిపాడు. లేస్తూ చెయ్యి ఇచ్చాడు.

ముందున్న దారి ఇంకా పెద్దదే. ఏటీపీ రాత పరీక్షకి ముందు సీటీపీ కోర్సు ఉంది, 30 గంటల క్లాసు, 10 గంటల సిమ్యులేటర్. అది మా వాళ్లే చేయిస్తారు. తర్వాత విమానం సిస్టమ్స్, సిమ్యులేటర్ చెక్‌రైడ్, ఆ తర్వాత ప్రయాణికులతో, పక్కన మనల్ని పరీక్షించే పైలట్‌తో (చెక్ ఎయిర్‌మన్) మొదటి ఫ్లైట్లు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కోసం పదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు రాయమన్నారు. ఈసారి ప్రతిదానికీ కాగితం ముందు పెట్టుకుని రాశాను. సంతకం పెట్టేముందు అక్కతో కూడా ఒకసారి చదివించాను, తను రెండు తేదీలు పట్టుకుంది.

ఈ ఉదయం ఒక స్టూడెంట్‌తో 1.3 గంటలు ఎగిరాం, ల్యాండింగులు. క్రాస్‌కంట్రీ గడి ఖాళీగా వదిలి ఆ పేజీ మొత్తం రెండుసార్లు కూడి చూసుకున్నాను. రేపు పొద్దున 8 గంటలకి డ్రగ్ టెస్టు.