బాగున్నానని మాత్రలు ఆపేశాను

2019 వర్షాకాలంలో మొదలైంది. విరేచనంలో రక్తం, జిగురు. మా అత్తయ్య వేడి చేసిందని మజ్జిగ ఇచ్చింది, నేను మొలలనుకున్నాను, సిగ్గుతో మూడు నెలలు ఇంకెవరికీ చెప్పలేదు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఒక చెయ్యి అతికేలోపు మిషను మీంచి లేచి పరిగెత్తేదాన్ని, రోజుకి పది పన్నెండు సార్లు, తీరా వెళ్తే కాస్త రక్తం తప్ప ఏమీ ఉండదు, అయినా ఇంకా అవ్వలేదనే అనిపిస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లని సగంలో వదిలేసి వెళ్లినప్పుడల్లా ఏడుపొచ్చేది.

విశాఖ వెళ్దామని బస్సెక్కితే మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నం రాగానే దిగిపోవాల్సి వచ్చింది. తర్వాత వారం గుణుపురం నుంచి వచ్చే రైల్లో వెళ్లాం, అందులో అయితే బాత్రూం ఉంటుందని.

కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా ఉన్న గొట్టం పెట్టి చూడటం, చేసి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద పడి పుళ్లు చేస్తుందట, నేను తిన్నదాని వల్ల వచ్చింది కాదు, అంటుకునేది అసలే కాదు. ఆ మాట మా ఆయన ఇంటికొచ్చి గట్టిగా చెప్పాకే నా కంచం విడిగా పెట్టడం మానేశారు.

పేగులో వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకుని మలద్వారంలోంచి పెట్టుకునే మందు, అదే ఎనిమా, ఇచ్చారు. కొన్నాళ్లు స్టెరాయిడ్ కూడా, 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు. మొహం ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు, కానీ రక్తం ఆగింది. ఏడాదిన్నర హాయిగా గడిచింది. అప్పుడే తప్పు చేశాను. బాగానే ఉన్నాను కదా, ఇన్ని మాత్రలెందుకు, ఇంత ఖర్చెందుకు అని ఆపేసి, తెలిసినవాళ్లు చెప్పిన కషాయం తాగాను, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ కూడా వేసుకున్నాను. రెండు నెలలకే తిరగబెట్టింది, ఈసారి హిమోగ్లోబిన్ 7.2కి పడిపోయి ఐరన్ సెలైన్‌లో ఎక్కించాల్సి వచ్చింది. ఆ నొప్పి మాత్రలు కూడా ఈ జబ్బుని రేపుతాయని అప్పుడే తెలిసింది. డాక్టరుగారు కోప్పడలేదు, "రక్తం ఆగిందంటే మందు పనిచేస్తోందనమ్మా, అక్కర్లేదని కాదు" అన్నారు. మళ్లీ స్టెరాయిడ్, దాంతోపాటు పేగు మీద పడే ఆ వ్యవస్థ జోరు తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర, దానికి మొదట్లో తరచుగా, ఇప్పుడు మూడు నెలలకోసారి రక్త పరీక్ష.

ఇప్పుడు మాత్రల డబ్బా బొత్తాల డబ్బా పక్కనే ఉంటుంది, పొద్దున్న మిషను తుడవగానే వేసుకుంటాను. పథ్యం గురించి ఎవరి మాటా వినను, ఏం తింటే ఎలా ఉందో కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటాను. నాకు చద్దన్నం, చోడి అంబలి పడతాయి, పచ్చిమిరపకాయ, పనసకాయ పడవు, మీకు వేరేలా ఉండొచ్చు. మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అని చూస్తారు, పేగులో వాపు అందులో తెలుస్తుంది, నాది 1180 నుంచి 64కి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ల్యాబు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆ ఏడాది రథయాత్రకి వెళ్లి, జనంలో బాత్రూం ఎక్కడుందో వెతుక్కోకుండా రథం తాడు పట్టుకున్నాను.

జబ్బు మొదలై ఎనిమిదేళ్లయ్యాక క్యాన్సర్ లాంటిదేమైనా మొదలవుతోందా అని చూడటానికి మళ్లీ కొలనోస్కోపీ చేయించాలన్నారు. నాకు 2027లో వస్తుంది. బ్లౌజుకి ఇరవై రూపాయల చొప్పున ఇప్పట్నుంచే పక్కన పెడుతున్నాను.